ఎక్కిన పడవకే ఓటు

లుండు, చిసాంబి దీవులు రెండూ కలిసి ఒకే పార్లమెంటు నియోజకవర్గం. మలావీ సరస్సు నడుమ ఉన్నాయి కాబట్టి ఆ గౌరవం దక్కింది తప్ప జనాన్ని చూసి కాదు. అవతలి గట్టు మీద ఓ మోస్తరు సంతలో ఇంతకంటే ఎక్కువమంది కనిపిస్తారు. లుండు పెద్దది. బడి, చర్చి, ఠాణా, ఓట్ల పెట్టె అన్నీ అక్కడే. చిసాంబిలో ఉన్నవల్లా చేపలు, కర్రపెండలం, కావలసినంత నోరున్న ఆడవాళ్ళు. ఓటు వేయాలంటే చిసాంబివాళ్ళు నీళ్ళు దాటి లుండుకు పోవాలి. పెట్టెనే ఇటు పంపండయ్యా అని ఎన్నిసార్లు అడిగినా పైనుంచి ఒకటే జవాబు: ఓట్ల పెట్టె పడవెక్కితే ప్రమాదం. ముసలివాళ్ళూ కడుపుతో ఉన్నవాళ్ళూ ఎక్కితే మాత్రం ప్రమాదం లేదు కాబోలు.

అందుకే ఈ నియోజకవర్గం చరిత్ర చెప్పాలంటే పార్టీల పేర్లు అక్కర్లేదు, పడవలు చాలు. దేశంలో ఒకే పార్టీ ఉన్న రోజుల్లో ఏ పీడా లేదు, పేరు పైనుంచే వచ్చేది. రెండో పార్టీ పుట్టాక జరిగిన మొదటి ఎన్నికలో లైటన్ మ్బేవే తన తెరచాప పడవలో చిసాంబిని మొత్తం దాటించి గెలిచాడు. ఆ తర్వాతి ఎన్నికనాడు గాలి పడిపోయింది. మ్బేవే ఓటర్లంతా చీకటి పడేదాకా సరస్సు నట్టనడుమ కూర్చుని చర్చి పాటలన్నీ పాడుకున్నారు. తెడ్ల దోనెలున్న బడిపంతులు గెలిచాడు. ఆ పంతుల్ని ఇంజను పడవ కొన్న డేవిసన్ కలూవా ఓడించాడు. ఇంజనుకు గాలితో పనిలేదు కదా, కలూవాను ఇక ఎవరూ కదపలేకపోయారు.

పడవున్నవాడు గెలవడానికి కారణం చిసాంబివాళ్ళ పట్టింపు. ఎక్కిన పడవకే ఓటు. ఇది ఏ చట్టంలోనూ లేదు. ఒకడు ఊరికే దాటించి ఒడ్డుకు చేరిస్తే, తెర చాటుకు వెళ్ళి ఇంకొకడికి ఓటేయడం చిసాంబిలో దొంగతనం కిందే లెక్క. తెర వెనక ఎవరు చూడొచ్చారని అడిగితే సరస్సు చూస్తుందంటారు ముసలమ్మలు. ఇంత నీతి ఉన్న ఓటర్లు దొరికితే ఏ నాయకుడు వదులుకుంటాడు? కలూవా ఐదేళ్ళకోసారి ఆ పడవకు కొత్త రంగు వేయించేవాడు, అంతకుమించి చిసాంబికి చేసింది లేదు.

ఎనెలెసికి ఇదంతా తెలుసు. ఆమె చిసాంబి మనిషి, భర్త పోయినప్పటినుంచి చిన్నచేపలు ఎండబెట్టి సంతకు పంపుతూ బతికింది. పోయిన ఎన్నికలో కలూవా మీద నిలబడింది కూడా. ఆమె అడిగింది ఒక్కటే: గెలిపిస్తే ఓట్ల పెట్టెను చిసాంబి రేవుకు తెప్పిస్తాను, తర్వాత మీ ఇష్టం వచ్చినవాడికి వేసుకోండి, నాకు వేయకపోయినా సరే. మగవాళ్ళు దోనెల్లో దాటిపోయి ఆమెకు ఓటేశారు. మధ్యాహ్నానికి గాలి లేచింది. ముసలమ్మల్ని దోనెల్లో ఎక్కించే ధైర్యం ఎవరికీ లేకపోయింది, వాళ్ళను వదిలేసి పోయే మనసు ఎనెలెసికి లేకపోయింది. చివరికి వాళ్ళతోపాటు కలూవా పడవే ఎక్కింది.

ఎక్కాక ఇంకేముంది. లుండు బడిలో తెర వెనక చీటీ పట్టుకుని ఆమె చాలాసేపు నిలబడిపోయింది. బుట్ట తన గుర్తు, గొడుగు కలూవాది. ఎక్కొచ్చిన పడవ గుర్తుకొచ్చింది, గొడుగు మీద వేలిముద్ర వేసి వచ్చింది. ఒక్క ఓటుతో ఓడిపోయింది. తన ఓటు తనకు వేసుకుని ఉంటే ఆమే ఎంపీ. ఆ సంగతి ఆడబిడ్డ డొరికాకు ఒక్కదానికే చెప్పుకుంది. డొరికాకు చెప్పడమంటే చర్చి గంట కొట్టడమే. మర్నాటికల్లా రెండు దీవులూ ముక్కున వేలేసుకున్నాయి.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి, ఎనెలెసి మళ్ళీ నిలబడింది. ఓడితే ఇంకోసారి అడగడానికి తనకు మొహం చెల్లదని ఆమెకు తెలుసు. చిసాంబి తరఫున ఇంకెవరూ నిలబడరనీ తెలుసు. కలూవా మనుషులు మైకు పట్టుకుని రేవంతా తిరిగారు. ఎన్నికనాడు పడవ ఉచితం, గాలి ఉన్నా లేకున్నా ఉచితం. గాలి అప్పటికే వారం నుంచి వీస్తోంది, దోనెలన్నీ ఒడ్డుకెక్కి బోర్లా పడుకున్నాయి.

"ఏం ఎంపీగారూ, ఈసారి కూడా కలూవాకేనా మీ అమూల్యమైన ఓటు?" అంది డొరికా, పందిరి మీది చేపలు తిరగేస్తూ.

"నవ్వు వదినా, నవ్వు. నీ నోట్లో పడ్డాక ఊరంతా నవ్వింది, నువ్వొక్కదానివే ఎందుకు మానాలి?"

"నవ్వక ఏం చేయమంటావు? తన పెళ్ళిలో పక్కింటివాడికి దండేసినదాన్ని నిన్నొక్కదాన్నే చూశా."

ఫాలేసి అవ్వ గోడకు జారబడి కూర్చుని ఉంది. దీవిలో అందరికంటే పెద్దది. "నాకు నచ్చినవాడికి నేనెప్పుడే ఓటేశా?" అంది. "నచ్చిన పడవకు వేశా. మ్బేవే పడవలో బల్ల మెత్తగా ఉండేది, పాపం."

ఎనెలెసికి నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి తన ఓటు తాను వేసుకోలేదు ఇప్పటిదాకా. చేతిలో చేపలు అలాగే పట్టుకుని ఆలోచించింది.

"అవునుగానీ వదినా, సంతనాడు మనం ఎక్కేది కూడా కలూవా పడవే కదా. మరి అప్పుడు అతనికి ఏమైనా బాకీ పడి ఉంటామా?"

"ఎందుకు పడి ఉంటాం? పడవ నడిపే యోటాము బుట్టలో కిరాయికి ఇంత చేప పోసే కదా ఎక్కేది. దిగాక వాడెవడో మనమెవరో."

"మరి ఓట్లనాడు పోయకూడదని ఎవరన్నారు?"

డొరికా చేతులు ఆగిపోయాయి. "ఉచితమన్నాడుగా," అంది. "తీసుకోకపోతే?"

"చేతికిచ్చిన తిండి కాదంటాడా?" అంది ఫాలేసి అవ్వ. "వాళ్ళమ్మ గోతిలోంచి లేచొచ్చి చెంప పగలగొట్టదూ?"

నిజమే. ఆ దీవుల్లో ఎవర్నైనా తిట్టినా క్షమిస్తారు, చేతికిచ్చిన తిండిని తోసేస్తే తరతరాలు మాట్లాడరు.

చిక్కల్లా చేపతోనే వచ్చింది. గాలివల్ల వారంగా వలలు పడలేదు, సగం ఇళ్ళలో కూరకే దిక్కులేదు. ఎనెలెసి తన పందిరి మీదివీ, సంతకని దాచిన గంపలోవీ అన్నీ తీసి ఇంటింటికీ పంచింది. ధర ఎంతని అడిగినవాళ్ళకు తర్వాత చూద్దాంలే అంది. ఆమె పంచుతున్నది ఓట్ల కోసమని ఎవరూ అనుకోలేదు. అనుకుంటారేమోనని ఆమె ముందే చెప్పింది: కిరాయి ఇచ్చాక మీకు నచ్చినవాడికి వేయండి, కలూవా నచ్చితే కలూవాకే.

ఎన్నికనాడు పొద్దున్నే పడవ రేవుకొచ్చింది, పచ్చరంగు ఇంకా వాసనేస్తోంది. నడిపేది యోటాము, కలూవాకు మేనల్లుడు. మొదట ఎక్కబోయింది డొరికా. దోసిలినిండా ఎండుచేపలు వాడి ముందు పట్టింది.

"అదేంటత్తా, ఇవాళ ఉచితం కదా."

"ఉచితం మీ మామకుంటే ఉండనీ, నాకొద్దు. పట్టు, చేతులు లాగేస్తున్నాయి."

వాడు పట్టాడు, ఇంకేం చేస్తాడు. తర్వాత ఫాలేసి అవ్వ, తర్వాత ఆమె మనవరాళ్ళు, కుంటి బేసిల్, వాడి అత్తగారు, అందరివీ దోసిళ్ళే. బుట్ట నిండింది, పడవ మూల నిండింది. వరస సగమయ్యేసరికి ఏం జరుగుతోందో యోటాముకు అర్థమైంది. "మామ నన్ను చంపేస్తాడు," అన్నాడు, మళ్ళీ చేతులు చాపాడు. కాదనే దారి వాడికి లేదు.

అందరూ ఎక్కాక గట్టు మీద ఎనెలెసి ఒక్కతే మిగిలింది. ఒళ్ళో గుడ్డ దులిపింది, గంప దులిపింది. దీవికంతా పంచినామె తనకని గుప్పెడు ఉంచుకోలేదు.

"నాదాంట్లో సగం ఇస్తా, ఎక్కు!" అని అరిచింది డొరికా.

"నువ్విచ్చేసింది ఇక నీది కాదు వదినా, యోటాముది. వాడి చేప వాడికే ఇచ్చి కిరాయంటే ఎలా?"

"అయితే ఏం చేస్తావు? పోయినసారి ఓటు కలూవాకు వేశావు, ఈసారి సరస్సులో వేస్తావా?"

పడవలో ఎవరూ నవ్వలేదు. ఎనెలెసి కాళ్ళు నీళ్ళలోకి దిగాయి గానీ ముందుకు పడలేదు, వెనక్కీ పోలేదు. పడవ ఎక్కితే తన మీద తనకే గౌరవం పోతుంది, ఎక్కకపోతే దీవినంతా ఎగదోసి తాను ఇంట్లో కూర్చున్నట్టవుతుంది. ఏడుపొచ్చింది, అందరి ముందే ఏడ్చింది.

యోటాము అవేవీ చూడటంలేదు. పడవ అడుగున చేరుతున్న నీళ్ళకేసి చూస్తున్నాడు. మనుషుల బరువుకు చేపల బరువు తోడై, గాలికి అలలు అంచుదాటి లోపలికొస్తున్నాయి. "నీళ్ళు తోడేవాడు ఓటేస్తానని పొద్దున్నే లుండులో దిగిపోయాడు," అన్నాడు విసుగ్గా. "ఎవరైనా డబ్బా పట్టుకుంటేనే నేను కదిలేది. లేకపోతే అందరూ దిగండి."

ఎనెలెసి కళ్ళు తుడుచుకుంది. "తోడేవాళ్ళ దగ్గర కిరాయి తీసుకుంటావా?"

"తోడేవాళ్ళ దగ్గర కిరాయేంటత్తా? ఎక్కడైనా విన్నావా?"

ఆమె బట్ట ఎగగట్టి ఎక్కింది. లుండు దాకా నడుం ఎత్తలేదు. అలలు పోస్తుంటే ఆమె తోడింది, తోడుతుంటే పోశాయి. ఫాలేసి అవ్వ మాత్రం తీరిగ్గా, "బల్ల గట్టిగా ఉంది ఈ పడవలో," అంది.

లుండు గట్టు మీద కలూవా తెల్ల చొక్కాలో నిలబడి ఉన్నాడు. పడవలో గుట్ట పడిన చేపల్ని చూసి ఆయన మొహం వికసించింది. "నా చిసాంబి బిడ్డలు! ఊరికే రారు, ఇంత ప్రేమ మోసుకొచ్చారు!" అని మైకులోనే అనేశాడు. ఆ చేపల్లో కొన్ని అక్కడికక్కడే వేయించమని పురమాయించాడు. ఆయన భార్య పుట్టిల్లు చిసాంబి. ఆమె చేపల్ని చూసింది, దిగుతున్న ఆడవాళ్ళ మొహాలు చూసింది, నేరుగా వెళ్ళి ఓటర్ల వరసలో నిలబడింది.

తెర వెనక ఎనెలెసి అరచేతులు బొబ్బలెక్కి మండుతున్నాయి. అదే బడి, అదే బల్ల. గొడుగునూ చూసింది, బుట్టనూ చూసింది. సరస్సు చూస్తే చూడనీ అనుకుంది. బుట్ట మీద వేలిముద్ర గట్టిగా నొక్కి బయటికొచ్చింది.

సాయంత్రానికి గాలి ముదిరింది. చిసాంబివాళ్ళు చర్చి వరండాలో పడుకున్నారు. తెల్లారి గాలి తగ్గాక లెక్క చెప్పారు: ఎనెలెసి గెలిచింది, ఎవరూ మళ్ళీ లెక్కించమని అడగలేనంత తేడాతో గెలిచింది. డొరికా ఈల వేసింది, ఆడవాళ్ళు గొంతెత్తి కూతలు పెట్టారు, లుండువాళ్ళు కూడా కొందరు కలిశారు. ఎనెలెసి మాత్రం అందరూ తనవైపు చూస్తుంటే ఏం చేయాలో తోచక, ఫాలేసి అవ్వ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

సంబరం సద్దుమణిగాక అసలు సంగతి గుర్తొచ్చింది. ఇంటికి పోవాలి. ఉన్న పడవ ఒకటే, దాని అంచు మీద కలూవా కూర్చుని ఉన్నాడు, చొక్కా నలిగిపోయింది. ఎవరి చేతిలోనూ చేపముక్క లేదు. చిసాంబి మొత్తం ఆయనకు కొంచెం దూరంలో ఆగిపోయింది.

"ఎక్కండి," అన్నాడు కలూవా.

ఎనెలెసి ముందుకొచ్చింది. "ఇవాళ మా దగ్గర ఇవ్వడానికేం లేదన్నా. ఊరికే ఎక్కితే వచ్చే ఎన్నికకు అందరం నీకు పడి ఉంటాం."

"అది నాకు తట్టలేదనుకున్నావా?" అన్నాడాయన. "లెక్క చెప్పినప్పటినుంచీ అదే ఆలోచించా, దాటించి తీసుకుపోయి ఐదేళ్ళు ఓపిక పడదామని." చొక్కా మడతలు సవరించుకున్నాడు. "ఇందాక మా ఆవిడ చెప్పింది, తాను ఎవరికి ఓటేసిందో. వచ్చేసారికి పెట్టె మీ రేవుకే వస్తుందన్నావుగా? తెప్పిస్తావా, ఉత్తమాటేనా?"

"తెప్పిస్తా."

"అయితే నా పడవకిక ఓట్లు మోసే పని లేదు. నేనే మీ గుమ్మాలెక్కి అడుక్కోవాలి." ఆయన అంచు మీంచి లేచి దారిచ్చాడు, సిగ్గుతోనో కోపంతోనో ఆయనకే తెలియాలి. "ఎవరూ ఎవరికీ పడి ఉండేది లేదు. ఎక్కండమ్మా, ఎండెక్కుతోంది."

ఫాలేసి అవ్వ అప్పటికే ఎక్కేసింది. "నేను వచ్చే ఎన్నికదాకా ఉంటానో లేదో," అంది సర్దుకుంటూ. "నా దగ్గర ఆశ పెట్టుకోకు నాయనా."

కలూవా నవ్వాడు. ఒక్కొక్కరే ఎక్కారు. ఎనెలెసి అలవాటుగా వంగి డబ్బా కోసం చెయ్యి చాపింది. యోటాము దాన్ని ముందే తీసి తన పక్కన పెట్టుకున్నాడు. "కూర్చో అత్తా," అన్నాడు.

ఇంజను అందుకుంది. ఎనెలెసి నడిమి బల్ల మీద, ఫాలేసి అవ్వ పక్కన, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇచ్చేదేమిటి, పుచ్చుకునేదేమిటి అని ఆలోచించకుండా ఊరికే కూర్చుని సరస్సు దాటడం ఆమెకదే మొదటిసారి.