ముడి విప్పని సంచులు

నా తోటికోడలి చేతిలో సూది విరగడం నేను కళ్లారా చూశాను. ఎవరో చెప్తే విని రాస్తున్నది కాదు.

మాది చెత్త వేరుచేసే షెడ్డు. ఇరవై రెండు మంది ఆడవాళ్లం. తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు అని నగరమంతా బోర్డులు పెట్టారు. ఇళ్లవాళ్లు పాపం వేరుచేసే ఇస్తారు. కాంట్రాక్టర్ లారీ మాత్రం రెండింటినీ ఒకే కడుపులో వేసుకుని వస్తుంది. ఒక ట్రిప్పుతో పోయేదానికి రెండెందుకని. కలిసి కుళ్లిన ఆ ముద్దను మళ్లీ విడదీయడం మా పని. ఒట్టి చేతులతో.

మేము సంచిని చింపం, ముడి విప్పుతాం. చిరగని సంచిని కడిగి, తీగమీద ఆరేసి మళ్లీ వాడుకుంటాం. విప్పగా విప్పగా ఏ ముడి ఎవరిదో చేతులకే తెలిసిపోయింది. మేడమీద టీచరమ్మ వేసే ముడి పూసంత ఉంటుంది. హోటల్ వాళ్లది ఒక్క లాగుకు ఊడిపోతుంది. పెద్ద ప్రైవేటు ఆసుపత్రిది ముడిమీద ముడి బిగించి ఉంటుంది.

అసలు ఆసుపత్రి చెత్త మా షెడ్డుకు రాకూడదు. వేరే బండిలో వెళ్లి, వేరేచోట కాలిపోవాలి. ఆ పనికీ కాంట్రాక్టర్ ఈయనే. ఆ వేరే బండిని మేమెన్నడూ చూడలేదు.

ఆ ఉదయం నా తోటికోడలు అలాంటి ముడి విప్పి చెయ్యి పెట్టింది. "అమ్మో" అని వెనక్కి లాక్కుంది. పగిలిన మందుసీసా రెండు వేళ్లను కోసింది. సూది అరచేతిలో విరిగింది. మేస్త్రీ దూరంనుంచే అరిచాడు.

"కుళాయి దగ్గర కడుక్కుని రా. ఆ మాత్రం గీతకే ప్రాణం పోతుందా?"

నాలుగోరోజుకు చెయ్యి మోచేతిదాకా వాచింది. ధర్మాసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. రోజూ కట్టు మార్చకపోతే చెయ్యే పోతుందన్నాడు డాక్టరు.

అందరం కాంట్రాక్టర్ ఆఫీసుకు వెళ్లాం. వైద్యం మీరే చేయించాలి, ఆమె పని తీసెయ్యకూడదు అన్నాం. అతను టీ తాగుతూ విన్నాడు.

"ఇంట్లో కూరలు తరుగుతూ కోసుకుని నా మీద పడతారేం? మా షెడ్డుకు ఆసుపత్రి చెత్త రాదు. వచ్చిందంటారా, ఆసుపత్రి పేరున్న సంచి ఏదీ? చూపించండి."

అందరూ నావైపు చూశారు. ఆ నెత్తుటి సంచిని తీసింది నేనే. అంటించిన ఆసుపత్రి పేరు చీటీని గోటితో గీకి, సబ్బుతో కడిగి, తీగమీద ఆరేసింది కూడా నేనే. ఆలోచించి చేసింది కాదు. చేతులు వాటంతటవే చేసేశాయి.

మధ్యాహ్నం నీళ్లట్యాంకు కింద మీటింగు. మొదటి అరగంట నన్ను తిట్టడానికే సరిపోయింది.

"నీ శుభ్రం మండిపోనూ! పిల్ల చెయ్యికున్న సాక్ష్యం కడిగేశావు కదే."

"మహాతల్లికి ఏదో ఒకటి ఉతక్కపోతే పొద్దుపోదు."

నేను తలెత్తలేదు. తోటికోడలే అడ్డం వచ్చింది.

"మా అక్కను అనేముందు మీ మీ తీగలు చూసుకోండి. ఆసుపత్రి సంచులు ఎన్ని ఆరేసుకున్నారో! ఇన్నేళ్లూ వాడి తప్పు కడిగి పెట్టింది మనమందరమూ."

మాతోపాటు వచ్చి కూర్చున్న లారీ డ్రైవర్ లేచాడు. "లారీలు ఆపేద్దాం. మూడు రోజులు చెత్త ఎత్తకపోతే నగరమే ముక్కు మూసుకుని దారికొస్తుంది."

మాలో అందరికంటే ముందునుంచి గంప మోసిన పెద్దమ్మ నేలమీద ఉమ్మేసింది.

"పోయినసారి అదేగా వెలగబెట్టాం. కంపు ఎవరికి కొట్టిందిరా? కాంట్రాక్టర్ మేడకా? సందుల్లో పసిపిల్లలకు కొట్టింది. జనం మనల్ని తిట్టారు. వాడు కొత్తవాళ్లను దింపాడు. పని ఆపితే మనం చెడ్డవాళ్లం. పని సరిగ్గా చేస్తే వాడు బయటపడతాడు."

"సరిగ్గా అంటే ఎలా పెద్దమ్మా?"

"ఆసుపత్రివాళ్లు సూదులు ఒక్కరోజే పొడుస్తారా? రేపూ వస్తాయి సంచులు. ముడి విప్పకండి. చీటీ గీకకండి. తీసి పక్కన పెట్టండి."

ఇప్పుడు మీటింగులకు వెళ్లినప్పుడు కాలేజీ పిల్లలు నన్ను అడుగుతుంటారు, మీకు దారి చూపిన నాయకుడెవరని. ఆ నాయకుడికి పళ్లు లేవు, సంతకం రాదు.

మూడు రోజులు పని చేస్తూనే సంచులు ఏరాం. అట్టముక్కల కట్టల వెనక దాచాం. ముప్పై ఒకటి అయ్యాయి. ఇళ్ల దగ్గర చెత్త ఎత్తే తోపుడుబండ్లవాళ్లు ఇంటింటికీ చెప్పారు, మీ చెత్త ఏమవుతోందో వచ్చి చూడండని. హోటల్ యజమాని విసుక్కున్నాడు.

"మాకెందుకమ్మా ఈ గొడవ. చెత్త పోతే చాలు."

"పోవడమేమిటయ్యా?" అంది పెద్దమ్మ. "నీ గుమ్మం దాటి మా చేతుల్లోకి వచ్చింది. అంతేగా."

నాలుగో ఉదయం సంచులను గేటు ముందు వరసగా పేర్చాం. ఇళ్లవాళ్లు వచ్చారు. హోటల్ యజమానీ వచ్చి వెనక నిలబడ్డాడు. వాళ్ల కళ్లముందే లారీ కడుపు తెరిచింది. టీచరమ్మ కడిగి ఆరబెట్టి ఇచ్చిన పాలపాకెట్లు కుళ్లిన అన్నంలో మునిగి జారాయి.

"నేను రోజూ కడిగేది ఇందుకా?" అంది ఆవిడ.

అప్పుడే కాంట్రాక్టర్ పోలీసులతో దిగాడు. మేము సంచుల చుట్టూ కూర్చున్నాం. కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని నా తోటికోడలు ముందు వరసలో కూర్చుంది.

"సంచులెత్తి లారీలో పడెయ్యండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఒక కానిస్టేబుల్ వంగి, ఆగిపోయాడు. "చేతితొడుగులు లేవు సార్."

"మాకూ లేవు నాయనా" అంది పెద్దమ్మ. "పదకొండేళ్లుగా లేవు. వంగు, అలవాటైపోతుంది."

ఎవరూ నవ్వలేదు. లాఠీలు లేచాయి. సంచులు పగిలి సూదులు రోడ్డుమీద దొర్లాయి. ఫోటో తీస్తున్న టీచరమ్మ చేతిలోంచి ఫోను లాక్కున్నారు. సంచులను పారలతో లారీకెత్తి ఎటో తీసుకుపోయారు. మమ్మల్ని పందొమ్మిది మందిని వ్యానెక్కించారు. మా వెనకే వచ్చిన ఇళ్లవాళ్లనూ డ్రైవర్‌నూ స్టేషన్ గేటు బయటే ఆపేశారు.

స్టేషన్లో రైటర్ ఒక కాగితం రాసి, సిరాపెట్టె తెరిచాడు. "వరసగా వేలిముద్రలు వేసి ఇళ్లకు పోండి."

కాగితం నేను తీసుకున్నాను. మా ఆయన పోయాక, యాభై దాటాక, బడి పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్న చదువు నాది. నత్తనడక. అయినా చదివాను.

"ఆసుపత్రి సంచులను ఈ స్త్రీలే దొంగిలించి తెచ్చి గేటు ముందు పెట్టారు. షెడ్డు పనిలో ఎవరికీ గాయం కాలేదు."

రైటర్ నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత నా తోటికోడలి చెయ్యి చూశాడు. కట్టు పసుపుపచ్చగా తడిసి, వాసన వేస్తోంది.

"ఆమెకు కట్టు మార్చే వేళ దాటిపోయినట్టుందే. ముద్రలు పడితే ఇప్పుడే ఆసుపత్రికి పంపిస్తాను. లేదంటారా, రేపు కోర్టుదాకా ఎవరూ కదలరు."

పెద్దమ్మే ముందు సిరాపెట్టె వైపు చెయ్యి చాపింది. "వేసేద్దామే. పిల్ల చెయ్యి కంటే కాగితం ఎక్కువా?" నేను కూడా కాదనలేదు. నా బొటనవేలు అప్పటికే ముందుకు వచ్చింది.

"వద్దు" అంది తోటికోడలు. "వేస్తే, ఇది నా ఇంట్లో తెగిన చెయ్యే అవుతుంది. రేపు ఇంకొకత్తెది తెగినా వాళ్లింట్లో తెగిందే అవుతుంది. అక్కా, ఆ కాగితం మళ్లీ చదువు. బయటివాళ్లకు వినబడేట్టు చదువు."

మీ దగ్గర దాచను. ఆ చెయ్యి దక్కలేదు. మణికట్టుదాకా తీసేశారు.

కిటికీ దగ్గర నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. మొదటి వాక్యం అయ్యేసరికి గదిలో పద్దెనిమిది మంది "అబద్ధం" అన్నారు. రెండో వాక్యానికి ఆ మాట గేటు బయటనుంచి కూడా వచ్చింది. టీచరమ్మ గొంతు, డ్రైవర్ గొంతు, మేమెరగని గొంతులు ఇంకా చాలా. రైటర్ లేచి కాగితం లాక్కున్నాడు. అప్పటికే అది నాకు కంఠతా వచ్చేసింది.

మళ్లీ మొదటినుంచి అందుకున్నాను.