సామ్యూల్ సెలవు రోజు

స్పార్కు ప్లగ్గు విప్పి, లుంగీ కొసతో తుడిచి, నోటితో ఊది మళ్లీ బిగిస్తున్నాడు సామ్యూల్. ప్రతి బుధవారం ఇదే తంతు. కోడేరులో విత్తనాల గోదాముకు అతను వాచ్‌మన్. వారానికి ఒక్క సెలవు. ఆ ఒక్క రోజూ పనీపాటా లేకుండా మట్టిదారుల్లో బండేసుకుని తిరగడం తప్ప అతనికి మరోటి చేతకాదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఎండకు కమిలిన బట్టతల, సిమెంటు తినేసిన వేళ్లు, కుడి చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ. మంచివాడని ఎవరూ అనరు. చెడ్డవాడని చెప్పుకునే ఓపిక కూడా ఊళ్లో ఎవరికీ లేదు.

"ఎక్కు," అన్నాడు భార్యతో.

మణెమ్మ చేతిలో చీపురు ఆగింది. "ఏడికి?"

"ఏడికి లేదు. ఊకెనే తిరిగొద్దాం."

"ముప్పై ఏండ్లల్ల లేనిది ఇయ్యాల ఏం పుట్టింది నీకు?"

"ఎక్కుతవా, నోరు పెంచుతవా?"

ఆమె లోపలికి పోయి ఒక సంచి తెచ్చుకుని, వెనక పక్కకు తిరిగి కూర్చుంది. రొట్టెలు కాబోలనుకున్నాడు.

అతని కడుపులో ఒక మాట ఉంది. పందొమ్మిదేళ్లుగా ఉంది. అప్పట్లో ఇద్దరూ పుణెకు కూలికి పోయారు. స్లాబు పోసే రోజున నాలుగేళ్ల కూతురు సరితకు జ్వరం ముదిరింది. స్లాబు మొదలుపెట్టాక నడుమ ఆపరు, ఆపితే అతుకు దగ్గర పగులుతుంది. సామ్యూల్ తలమీది తట్ట దించలేదు. మణెమ్మ ఒక్కతే పిల్లను భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తింది. సాయంత్రం ప్రాణం పోయి చల్లబడిన పిల్లతో తిరిగొచ్చింది. ఆ పాపిష్టి మనిషి సిమెంటు చేతులతో ఎదురు నిలబడి, ఇంత ఆలస్యమెందుకైందని అడిగాడు.

అప్పటినుంచి ఆ ఇంట్లో మాటలకు కొదవ లేదు గానీ అన్నీ తిట్లే. అన్నం పెడితే తిట్టు, పెట్టకుంటే తిట్టు. పోయిన ఆదివారం అలంపూర్ నుంచి మణెమ్మ చెల్లెలు ధనలక్ష్మి ఫోన్ చేసి, వచ్చి తన దగ్గరే ఉండమంది. "పోత," అంది మణెమ్మ. "పో, ఎవలు ఆపుతున్నరు," అన్నాడు సామ్యూల్. అనేశాడు గానీ ఆనాటి నుంచి కంటిమీద కునుకు లేదు. తప్పు నాదేనని ఒక్కసారి చెబితే ఆగుతుందేమో. ఆమె మొహం చూస్తూ మాత్రం చెప్పలేడు. బండి నడుపుతుంటే మొహం చూడక్కరలేదు. అదీ అతని ఉపాయం.

పెద్ద రోడ్డు వదిలి కంది చేల మధ్య దారి పట్టాడు. రెండుచోట్ల నోరు తెరిచాడు. మొదటిసారి ఒక కుక్క వెంటపడింది. రెండోసారి, దారి సగం మక్కజొన్నలు ఆరబోసుకున్న యాదయ్య అనే రైతు కట్టె పట్టుకుని లేచాడు.

"మక్కల మీదికెల్లి పోతే కాళ్లిరగ్గొడ్త!"

"దారేమన్న నీ అయ్యదా?" అని అరిచాడు సామ్యూల్.

"కండ్లు నెత్తికెక్కినయి," అంది వెనకనుంచి మణెమ్మ. ఎవరి కళ్లో చెప్పలేదు. సామ్యూల్‌కు ఒళ్లు మండింది. కడుపులోని మాట మళ్లీ కడుపులోకే పోయింది.

మధ్యాహ్నం దాటాక వాగు వచ్చింది. నీళ్లు మడమ లోతే, ఇసుకే లోతు. ఇద్దరు కూర్చుంటే బండి కూరుకుపోతుంది. వెనకనున్న ఆడవాళ్లు దిగి నడిచి రావడం, బండి అవతలి ఒడ్డున ఆగడం ఈ వైపు అందరికీ అలవాటే. మణెమ్మ దిగింది. సామ్యూల్ కాళ్లతో తన్నుకుంటూ, బూతులు తిడుతూ దాటాడు. ఒడ్డెక్కి ఆగాడు. వెనక్కి చూడలేదు. పెళ్లాం కోసం వెనక్కి చూడటమంటే ఓడిపోవడమని అతని లెక్క. వేడి మీద ఆపితే బండి మళ్లీ స్టార్టు కాదు. అందుకని పగిలిన సైలెన్సరు మోగుతూనే ఉంది.

ఎండ వెనకనుంచి పడుతోంది. కాసేపటికి ఒక ఆడమనిషి నీడ వచ్చి అతని నీడ పక్కన నిలబడింది. ఇక ఇప్పుడు కాకపోతే ఎప్పుడూ కాదు.

"మణెమ్మా," అన్నాడు, ఎదురుగా ఉన్న తుమ్మచెట్టును చూస్తూ. పేరుపెట్టి పిలిచి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తు లేదు. బండి మోతలో వినబడాలని గొంతు పెంచాడు. "ఆ దినం నేను తట్ట పారేసి రావాల్సి ఉండె. స్లాబు పగిలితే పగిలేది. పిల్లను నేను ఎత్తుకోవాల్సి ఉండె. తప్పు నాదే. నువ్వు పోకు."

ఏడుస్తున్నాడు. తుడుచుకోలేదు కూడా.

"ఏ పిల్ల, నాయినా?" అంది నీడ.

తిరిగి చూశాడు. మేకలు కాసే ముసలి పెంటమ్మ, చేతిలో కొమ్మ పట్టుకుని వింతగా చూస్తోంది.

"నీతోని వచ్చినామె ఆ ఒడ్డు మీదనే ఆటో ఎక్కిపాయె. అలంపూర్ బస్సు అందుకోవాల్నంట. 'ఆయన ఎనకకు జూడడు, జర పోయి చెప్పు' అన్నది."

"ఇంగేమన్న అన్నదా?"

"లేదు. ఆమె గూడ ఎనకకు జూడలే."

మేకలను తోలుకుంటూ పెంటమ్మ పోయింది. సామ్యూల్ బండి ఆపి దిగాడు. సీటు కాలుతుందని మణెమ్మ పరుచుకున్న పాత చీరముక్క, నాలుగు మడతల మీద, ఆమె కూర్చున్న చోట అణగి అట్లాగే ఉంది.