బొమ్మ మూసిన టీచర్

పిల్లలకు చదవడం రాకపోతే అందుకు కారణం నేర్పకపోవడమే కావచ్చన్న అనుమానం విద్యాశాఖ కార్యాలయంలో ఎవరికీ రాలేదు. పిల్లల్లో ఆనందం తక్కువైందని వాళ్లు తేల్చారు. ఆనందమైతే టెండరు పిలిస్తే దొరుకుతుంది. ఆ ఏడాది ప్రతి సర్కారు బడికీ మెత్తటి దిండ్లు, గోడకంటించే నవ్వు మొహాలు, పేజీ నిండా బొమ్మా దాని అడుగున రెండు ముక్కలూ ఉన్న పుస్తకాలు దిగాయి. పథకం పేరు ఆనంద పఠనం. పిల్లలు దిండ్ల మీద కూర్చుని, బొమ్మ చూసి, కింద ఏం రాసి ఉంటుందో ఊహించి చెప్పాలి. ఇక అక్షరాలు కూడబలుక్కోనక్కర్లేదు. అలా చేయిస్తే పిల్లల మనసు గాయపడుతుందని టీచర్ల శిక్షణలో చెప్పారు. చెప్పినాయన తన మాటలన్నీ తెర మీద నుంచి ఒక్కో అక్షరమూ చూసుకుంటూ చదివాడు. ఆయన మనసు మాత్రం ఏమీ గాయపడినట్టు కనిపించలేదు.

అలాంటి ఒక సర్కారు బడిలో మూడో తరగతి టీచరుకు సాగదీత అని పేరు. తోటి టీచర్లు వెనక మాత్రమే అనుకునే పేరది. మాటను ముక్కలు చేసి ఒక్కో శబ్దాన్నీ సాగదీసి పలికిస్తుందని అలా పిలిచేవారు. ఆమె తమ్ముడు చిన్నప్పుడు ఎంత పాడైన యంత్రాన్నయినా విప్పి బిగించేవాడు కానీ వాచకంలో ఒక్క వాక్యం చదవలేకపోయేవాడు. మొద్దు అని తిట్టి తిట్టి బడివాళ్లే మాన్పించారు. దానికి డిస్లెక్సియా అని పేరుందని, అక్షరానికీ శబ్దానికీ ఉన్న ముడిని వరసగా, విప్పి చెబుతూ, విసుగు లేకుండా మళ్లీ మళ్లీ నేర్పితే అలాంటివాళ్లూ చదవగలరని ఆమెకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. సెలవుల్లో వెళ్లి ఆ పద్ధతి నేర్చుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంట, ఏ తరగతిలోనూ చదువు అంటక మిగిలిపోయిన పిల్లల్ని విరిగిన బల్లలు పడేసే వెనక గదిలో కూర్చోబెట్టి నేర్పేది.

వాళ్లలో ఒకమ్మాయిని అందరూ వాగుడుకాయ అనేవారు. నిద్రలో తప్ప నోరు మూసేది కాదు. తల్లి పెద్దాసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేసేది. ఆసుపత్రిలో పిల్లల డాక్టరును బతిమాలి పరీక్షలు చేయించి, కూతురికి డిస్లెక్సియా ఉందని కాగితం కూడా రాయించుకొచ్చింది. ఆ పిల్లకు ప, వ, స, ష ఒకే కడుపున పుట్టిన కవలల్లా కనిపించేవి. అయినా బొమ్మ చూపిస్తే చాలు, కథ అల్లేసేది. అందుకే ఆనంద పఠనానికి ఆ పిల్ల ముద్దుబిడ్డ అయింది. పై నుంచి ఎవరొచ్చినా హెడ్మాస్టరు వాగుడుకాయనే ముందు కూర్చోబెట్టేవాడు. తన మీద ఏ కాగితమూ రాకుండా రిటైరైపోవడం తప్ప ఆయనకు జీవితంలో వేరే కోరిక లేదు.

ఒకరోజు పథకం పర్యవేక్షకుడు వచ్చాడు. వాగుడుకాయ దిండు మీద కూర్చుని పుస్తకం తెరిచింది. బొమ్మలో ఒక ముసలాయన గొడుగు వేసుకుని నడుస్తున్నాడు.

"వాన పడుతోంది. తాతయ్య తడవకుండా గొడుగు వేసుకున్నాడు. ఇంట్లో మనవరాలు ఎదురుచూస్తోంది," అని గడగడా చెప్పింది.

పర్యవేక్షకుడు చప్పట్లు కొట్టాడు. "అద్భుతం! పుస్తకంలో లేని మనవరాలిని కూడా తెచ్చింది. చూశారా, కథని సొంతం చేసుకోవడమంటే ఇదీ!"

సాగదీత ముందుకొచ్చి బొమ్మ మీద అరచెయ్యి పెట్టింది. "ఇప్పుడు చదువమ్మా. తొందరేం లేదు."

పిల్ల నోరు మూతపడింది. పేజీ అడుగున రెండు వాక్యాలున్నాయి. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అక్కడ రాసింది 'ఎండగా ఉంది. తాత గొడుగు తీశాడు' అని. వాన లేదు, మనవరాలు అసలే లేదు," అంది సాగదీత. "ఈ పిల్లకి చదవడం రాదు సార్. కథలు చెప్పడం వచ్చు. అది పుట్టుకతో వచ్చిన తెలివి, మీ పుస్తకాలిచ్చింది కాదు."

"మీరు పిల్లని అందరి ముందూ అవమానించారు!"

"చప్పట్లు కొట్టి మోసం చేయడం కన్నా నయం కదండీ."

పర్యవేక్షకుడి మీద కోపం ఆ పిల్ల మీదుగా తీర్చుకున్నానని సాగదీతకే తెలుసు. బడి వదిలాక వాగుడుకాయను పక్కన కూర్చోబెట్టుకుని, "నీ మీద కాదు తల్లీ నా కోపం," అంది. "మరి నా బొమ్మెందుకు మూశారు?" అని ఆ పిల్ల మూతి ముడుచుకుంది. అయినా మర్నాడు వెనక గదికి అందరికన్నా ముందొచ్చి కూర్చుంది.

ఆ గది ఎన్నాళ్లో నిలవలేదు. విడిగా కూర్చోబెట్టి బోధించడం పథకం స్ఫూర్తికి విరుద్ధమనీ, ఆ గంటను తక్షణం ఆపాలనీ ఉప విద్యాధికారి సంతకంతో ఉత్తర్వు వచ్చింది. హెడ్మాస్టరు అదే రోజు గదికి తాళం వేశాడు.

వాగుడుకాయ తల్లి డ్యూటీ మార్చుకుని, డాక్టరిచ్చిన కాగితం పట్టుకుని కార్యాలయానికి వెళ్లింది. సబ్బునీళ్లలో నానీ నానీ వేళ్ల చివర్లు తెల్లగా ముడతలు పడ్డ చేతుల్తో ఆ కాగితం బల్ల మీద పెట్టింది. ఉప విద్యాధికారి దాన్ని ముట్టుకోలేదు.

"ఇది జబ్బమ్మా. జబ్బులు ఆసుపత్రివాళ్లు చూసుకుంటారు."

"వాళ్లని అడిగే వచ్చాను సార్. ఇది చదువు సంగతి, బడివాళ్లు చూసుకుంటారన్నారు."

"చూడమ్మా, నా పరిధిలో ఈ డిస్లెక్సియా అనేదే లేదు. ఉన్నట్టు ఒక్క బడి నుంచీ నివేదిక రాలేదు."

"నివేదికలో ఆ గడి ఉందా సార్, నింపడానికి?"

ఆయన పక్కనున్న ఫైలు తెరుస్తూ, "ఎదిగేకొద్దీ అదే సర్దుకుంటుంది," అన్నాడు.

"మా ఆయనకి నలభై దాటాయి సార్. ఆయనకింకా సర్దుకోలేదు. ఇంకెంత ఎదగాలంటారు?"

బంట్రోతు వచ్చి తలుపు చూపించాడు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఉదయం సాగదీత ఇంటి తలుపు ఎవరో తట్టారు. కారును ఎవరి కంటా పడకుండా సందు మలుపులో ఆపించి, ఖరీదైన చేతిసంచితో ఒకావిడ నడిచొచ్చింది. ఉప విద్యాధికారి భార్య.

"మా మనవడికి ఎనిమిదేళ్లు టీచర్ గారూ," అంది కూర్చుంటూనే. "ఊళ్లోకెల్లా పెద్ద బడిలో వేశాం. చదవడం రావట్లేదు. 'వేరే బడి చూసుకుంటే బాబుకి హాయిగా ఉంటుంది' అని మర్యాదగా గెంటేస్తున్నారు. మీరు నేర్పే పద్ధతే పనిచేస్తుందని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి నేర్పాలి. మూడో కంటికి తెలియకూడదు."

"ఏమై ఉంటుందన్నారండీ డాక్టరు?"

"డిస్లెక్సియా."

"అయ్యో, పొరపాటు పడ్డారేమో. అది ఈ పరిధిలోనే లేదని సారే చెప్పారట కదా."

ఆవిడ మొహం ఎర్రబడింది. తర్వాత అనుకోకుండా నవ్వేసింది. "ఆయన చెప్పినవన్నీ నమ్మి ఉంటే నా సంసారం ఏనాడో గంగలో కలిసేది. నేర్పుతారా, నేర్పరా? అది చెప్పండి."

"నేర్పుతాను. ఇంటికి రాను. మా బడిలో, వెనక గదిలో, మధ్యాహ్నం గంట. మిగతా పిల్లలతో పాటు మీవాణ్ణీ కూర్చోబెట్టండి."

"సర్కారు బడికా? మా మనవడా?"

"ఆ సర్కారు బళ్లన్నీ మీ ఇంట్లోంచే కదండీ నడుస్తున్నాయి. పరాయిచోటేం కాదు. కాకపోతే ఆ గదికి తాళం ఉంది. తాళం ఎవరు వేయించారో మీకే బాగా తెలుసు."

ఆవిడ సంచి తీసుకుని లేస్తూ, "మీ నోరు మంచిది కాదు," అంది.

"మా హెడ్మాస్టరు కూడా అదే అంటారు."

వారం తిరక్కుండా గది తెరుచుకుంది. ఆసుపత్రి చాకలిపని చేసే ఆడమనిషి కూతురికి నిబంధనలు, స్ఫూర్తి, పరిధి అన్నీ అడ్డొచ్చాయి. అధికారి మనవడి విషయానికొచ్చేసరికి ఒక్క ఫోనుకాల్‌తో అన్నీ పక్కకు జరిగి దారిచ్చాయి. విరిగిన బల్లలు లారీ ఎక్కాయి. కొత్త ఫ్యాను వచ్చింది. గోడలకు సున్నం పడింది. హెడ్మాస్టరు ఆ గది ముందు నుంచి వెళ్లేటప్పుడు చొక్కా గుండీ సర్దుకోవడం మొదలుపెట్టాడు.

గది లోపల సాగదీత పని మాత్రం ఎప్పటిలాగే సాగింది. ఇసుక పరిచిన పళ్లెంలో వేలితో 'ప' దిద్దడం, దిద్దుతూ పైకి పలకడం. అది చూడకుండా పలకగలిగాకే 'వ'. నేర్చుకున్న అక్షరాలతో మాత్రమే మాటలు: వల, తల, పడవ, పలక. నిన్నటిది ఇవాళ మళ్లీ, ఇవాళ్టిది రేపు మళ్లీ. గుణింతం ఒక్కొక్క గుర్తే, వత్తులు చిట్టచివర. ఆమె చదివించే పుస్తకంలో ఒక్క బొమ్మ కూడా లేదు. మనవడు మొదట్లో ప్రతి మాటకీ టీచరు మొహం చూసేవాడు, జవాబు అక్కడ రాసిపెట్టినట్టు.

"ఆవిడ మొహంలో ఏముంది? ఇక్కడ చూడు," అని వాగుడుకాయ వాడి తల పుస్తకం మీదకు వంచేది. "ప... డ... వ. మూడూ కలిపి గుటుక్కున మింగు."

"పవడ."

"అమ్మయ్యో, మునిగింది. మళ్లీ!"

చలి తగ్గేవేళకు వాగుడుకాయ ఒకరోజు పాఠం మొత్తం ఎవరి సాయమూ లేకుండా చదివింది. మెల్లగా, తప్పులు దిద్దుకుంటూ చదివింది. అందులో ఒక మేక బావిలో పడింది. చదవడం ఆపేసి, "ఇదేంటి టీచర్, నేనైతే దాన్ని పడనిచ్చేదాన్ని కాదు," అని గొడవ పెట్టుకుంది. సాగదీత మొహం తిప్పుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. తమ్ముడికి ఈ గంట దొరికి ఉంటే అనిపించింది.

మనవడికి పిల్లల వాచకం తడుముకుంటూ చదవడం వచ్చింది. అంతే, పెద్ద బడివాళ్లు 'మా విద్యార్థి' అంటూ చేతులు చాచారు. ఉప విద్యాధికారి వాణ్ణి అక్కడికి మార్చేశాడు. ఆ వెంటనే ఉత్తర్వు దిగింది: ప్రయోగం లక్ష్యం నెరవేరినందున మధ్యాహ్నపు గంట రద్దు. ఈ విజయానికి ఆనంద పఠనమే కారణమని అందులోనే ఇంకో వాక్యం. గది దిండ్లు దాచడానికి కేటాయించారు. ఫ్యాను కూడా విప్పుకుపోయారు.

సాగదీతకు ఒళ్లు మండింది. కానీ ఈసారి ఆమెకన్నా ముందు వాగుడుకాయ తల్లి కదిలింది. మిగతా పిల్లల అమ్మల్నీ నాన్నల్నీ కూడగట్టింది. మర్నాడు మధ్యాహ్నం, సరిగ్గా ఆ గంటకే, అందరూ పిల్లల్ని తీసుకుని విద్యాశాఖ కార్యాలయం వరండాలో చాపలు పరిచారు. సాగదీత సగం రోజు సెలవు పెట్టి ఇసుక పళ్లెంతో వచ్చింది.

"ఏంటిది? ధర్నానా?" బంట్రోతు పరిగెత్తుకొచ్చాడు.

"ధర్నా కాదయ్యా, చదువు," అంది తల్లి. "బడిలో చోటు లేదన్నారు. ఇక్కడ చల్లగా ఉంది."

వాళ్లు రోజూ వచ్చారు. పిల్లలు గోడల మీదున్న ప్రతి అక్షరాన్నీ గట్టిగా, సాగదీసి చదివారు. "లం...చం... అ...డి...గి...తే... ఫి...ర్యా...దు... చే...యం...డి." గుమాస్తాలు తలలు వంచుకున్నారు. "అ...ధి...కా...రి... లే...రు." లోపల కూర్చుని ఉన్న అధికారికి తన తలుపు మీది ఆ బోర్డు రోజుకు పదిసార్లు వినిపించేది.

వారం చివర్లో ఆయన భార్య మనవడి చెయ్యి పట్టుకుని వరండాలోకి వచ్చింది. పెద్ద బడిలో నేర్పేవాళ్లెవరూ లేక వాడు మళ్లీ టీచరు మొహం చూసి ఊహించడంలో పడ్డాడు. ఆవిడ వాణ్ణి వాగుడుకాయ పక్కన చాప మీద కూర్చోబెట్టింది.

గదిలోంచి బయటికొచ్చిన ఉప విద్యాధికారి మనవణ్ణి చూసి నిలబడిపోయాడు.

"వీణ్ణి ఇక్కడికెందుకు తెచ్చావ్? పరువు తీస్తావా?"

"పరువు మీరు చూసుకోండి. నేను చదువు చూసుకుంటాను," అంది ఆవిడ. "ఆ గంట తిరిగి ఇచ్చేదాకా రోజూ ఇక్కడే ఉంటాం. మీ భోజనం కూడా ఇక్కడికే వస్తుంది."

గుమాస్తాలు ఫైళ్ల వెనక నవ్వు దాచుకున్నారు. ఆయన తలుపు వేసుకున్నాడు. సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. గది, గంట, ఫ్యాను తిరిగి ఇచ్చారు. ఈసారి సాగదీత దగ్గర ఆ పద్ధతి నేర్చుకోవడానికి పక్క బడుల నుంచి ఇద్దరు టీచర్లను కూడా పంపారు. వాళ్లలో ఒకామెకు నిజంగానే నేర్చుకోవాలని ఉంది. ఇంకొకామె మొదటి రోజే ఎండ ఎక్కువగా ఉందని వెళ్లిపోయింది.

కార్యాలయం అంతటితో ఊరుకుంటే అది కార్యాలయమే కాదు. పిల్లలు వరండాలో కూర్చుంటే చదువు బాగా వస్తోందని అక్కడెవరో గమనించారు. వేసవి సెలవులయ్యాక బళ్లు తెరిచిన కొత్తలో అన్ని సర్కారు బళ్లకూ ఒక కొత్త పథకం చేరింది. పేరు వరండా పఠనం. ప్రతి బడిలోనూ పిల్లల్ని రోజుకో గంట వరండాలో చాపల మీద కూర్చోబెట్టాలి. చాపలు సరఫరా అవుతాయి. అక్షరాల గురించి, నేర్పేవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు.

సాగదీత అది చదివి, గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. వాగుడుకాయ తల్లికి చదివి వినిపిస్తే ఆమె నవ్వలేదు.

"ఇక వరండాలకి చదువొచ్చేస్తుంది, పోన్లెండి," అంది. "మన పిల్లల్ని మాత్రం లోపలికి పిలవండి టీచరమ్మా, గంట అవుతోంది."