పసుపు కింద పగులు

నేను ఒక సైకిలు ఫోర్కుని. ముందు చక్రాన్ని నా రెండు కాళ్ల మధ్య పట్టుకుని నడిపించేదాన్ని. ఆ ఉదయం సాలూరు కొండల మీద మబ్బు కదలకుండా కూర్చుంది. వాన లేదు, గాలి లేదు.

ఏదో కర్మాగారంలో ఇనుప గొట్టాన్ని వంచి నన్ను చేశారు. మొదట ఒక పోస్టుమేన్ని మోశాను. ఊరందరి కబుర్లూ చేరవేసి, తన ఇంటి సంగతి మరిచిపోయేవాడు. తర్వాత అనాసపళ్లాయన. బరువంతా నా మీద వేసి, తనే మూలిగేవాడు. ఆపైన పాలు పోసే గౌరినాయుడి చేతికి వచ్చాను. ఒక పగలూ రాత్రీ ఆగకుండా, జిల్లాలో ఎవరూ తొక్కనంత దూరం తొక్కి రికార్డు కొట్టాలని వాడి పట్టు. రోజూ పాల క్యాన్లు దించేసి, నన్ను ఘాట్ రోడ్డు ఎక్కించి దించేవాడు.

ఒకసారి కల్వర్టు దగ్గర గోతిలో పడ్డాం. వాడికేమీ కాలేదు. నా ఎడమకాలికి వెంట్రుకంత పగులు వచ్చింది. ఆ వారమే దసరా. వాళ్లమ్మ తవిటమ్మ నాకు పసుపు మెత్తి బొట్లు పెట్టింది, సరిగ్గా పగులు మీదే. ఆయుధపూజ పసుపు దానంతటదే రాలాలి, తుడవకూడదన్నది ఆ ఇంటి ఆనవాయితీ. ప్రేమగా పూసినదాని కింద ఏముందో మనుషులు చూడరు.

ప్రతి గుంటకీ పగులు ఇంకాస్త పాకింది. కిర్రుమనేదాన్ని. నాకున్న గొంతు అంతే.

ఆ మబ్బు పట్టిన ఉదయం ఆఖరి సాధనకి బయల్దేరుతుంటే, గౌరినాయుడి బావ సన్యాసిరావు ఆ చప్పుడు విన్నాడు. లారీ షెడ్డులో వెల్డింగు పని అతనిది. కిరసనాయిలు గుడ్డ తెచ్చాడు.

"ఉండ్రా గౌరీ, ఓపాలి తుడిసి సూస్తాను. ఏదో కూస్తంది."

"తుడుస్తావేటి? అమ్మోరి పసుపది!" తవిటమ్మ గుడ్డ లాక్కుంది. "ఎల్లుండి రికార్డు పెట్టుకుని అపశకునం పనులా?"

"మళ్లీ రాసుకోవచ్చత్తా..."

"నీ లారీలకి రాసుకో, పో."

గౌరినాయుడు నవ్వాడు. "ఒగ్గేయ్ బావా. నీ మాట ఇంటే ఈ రోజు నాకు కూడు పెట్టదు."

సన్యాసిరావు పక్కకి తప్పుకున్నాడు. నేను పిలవలేకపోయాను.

కొండ ఎక్కేటప్పుడు ఓర్చుకున్నాను. దిగేటప్పుడు, మలుపులో వాడు బ్రేకు పట్టగానే బరువంతా నా మీదికి వచ్చింది. నా ఎడమకాలు విరిగింది. వాడు ఎగిరి రాళ్ల మీద పడ్డాడు.

సాయంత్రానికి వాణ్ని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చారు, కుడిచేతికి భుజం దాకా కట్టు. ఆ చెయ్యి ఇక హేండిలు పట్టదన్నారట. నన్ను గోడకి ఆనించారు.

తవిటమ్మ నా ముందు కూర్చుని తన చేత్తోనే పసుపు తుడిచింది. విరిగిన అంచు సగం తెల్లగా మెరుస్తోంది. మిగతా సగం తుప్పు. తుప్పు ఒక్క పూటలో పట్టదని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అల్లుడు సన్యాసిరావు వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

లేచి చేతులు కడుక్కుని అన్నం వడ్డించింది. ముగ్గురూ నేల మీదే కూర్చున్నారు. ఎంత కడిగినా పసుపు ఆమె వేళ్లకి అలాగే ఉంది. ఆ వేళ్లతోనే ముద్ద కలిపి కొడుకు నోటికి అందించింది. వాడు నోరు తెరిచాడు. ఇంకో ముద్ద కలిపింది.