రాతి మీది నంబర్లు

2016 ఆగస్టు ఇరవై, శనివారం. స్టాన్లీకి ఆ తేదీ బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం పక్కింటి తవిటమ్మ గిన్నెడు ఎండు నెత్తళ్ళ పులుసు పంపింది. భార్య పోయాక ఒక్కడి కోసం పులుసు కాచుకోవడం మానేసిన మనిషి, మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. ఆ తృప్తి సాయంత్రం ప్రార్థన దాకానే నిలిచింది.

నరసన్నపేటలో కాలేజీ పిల్లలకు కంప్యూటర్లు చెప్పే స్టాన్లీ, బావమరిది కూతురు కృపారాణి కలిసి ఏడాదిగా చర్చి పాటల పుస్తకాన్ని కొత్తగా సిద్ధం చేస్తున్నారు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పాటలన్నీ దాచుకున్నారు. వెతుక్కోవడం సులువవుతుందని స్టాన్లీ పైథాన్ అనే కంప్యూటర్ భాషలో స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం రాసి, పాటలను అకారాది క్రమంలో పేర్చి కొత్త నంబర్లు వేయించాడు. సోమవారం పొద్దున్నే పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాలి. నమూనా ప్రతులు ఆ సాయంత్రం ప్రార్థనలోనే పంచారు.

"నూటపద్నాలుగు పాడండి" అంది కాంతమ్మ. ఆమెకు చదువు రాదు. ఆ సంఘంలో పెద్దవాళ్ళకు పాటలు నంబర్లతోనే గుర్తు.

కుర్రకారు కొత్త ప్రతి చూసి కోతల పాట అందుకున్నారు. పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని నిరీక్షణ పాట అందుకున్నారు. జత కుదరని ఎడ్లలా రెండు పాటలూ చెరో దిక్కుకు లాగాయి. కాసేపటికి అందరూ ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏటి బాబూ ఇది?" అంది కాంతమ్మ. "మా ముసిలోడి రాయి మీద నూటపద్నాలుగని సెక్కించినాను. రేపు ఎవులైనా పుస్తకం తీసి ఆడి కాడ కోతల పాట పాడతారేటి? బతికున్నప్పుడే కొడవలి ముట్టనోడు."

అందరూ నవ్వారు. స్టాన్లీకి నవ్వు రాలేదు. సమాధి మీద పేరు కింద, ఆ మనిషికి ఇష్టమైన పాట నంబరు చెక్కించడం ఆ సంఘం ఆనవాయితీ. భార్య రాయి మీద అతను చెక్కించింది రెండువందల ఆరు.

ఆదివారం ఆరాధన అయ్యాక స్టాన్లీ, కృపారాణి చర్చి పక్క గదిలో కూర్చున్నారు.

"పాతదానికే ఎనక్కి పోదామా మావయ్యా? గిట్‌లో ఉన్నాది కదా."

"పోతే, నువ్వు దిద్దిన తప్పులన్నీ మళ్ళీ వచ్చి కూర్చుంటాయమ్మా. నంబర్లొక్కటే ఎనక్కి రావాలి."

"రేపు పొద్దున్నకే?"

"రాళ్ళు మార్చలేం కదా. పుస్తకమే మారాలి."

గిట్ చరిత్రలోంచి పాత పుస్తకాన్ని చదివి, పాటకు పాటను పోల్చి, పాత నంబరు తగిలించే స్క్రిప్టు మొదలుపెట్టాడు. కొత్త పాటలు చివరికి పోతాయి, అకారాది సూచిక వెనక పేజీల్లో ఉంటుంది. తొలిసారి నడిపితే, ఒకే పల్లవి ఉన్న రెండు పాటల నంబర్లు తారుమారయ్యాయి. చరణాలనూ పోల్చేలా దిద్దాడు. మళ్ళీ ఎక్కడో ఆగింది. మళ్ళీ దిద్దాడు. కృపారాణి టీ తెచ్చి పక్కన పెట్టింది. పొద్దు వాలేసరికి పాటలన్నీ తమ తమ చోట్లకు చేరాయి.

"రేపు మనలాంటోడే ఇంకొకడొచ్చి సర్దితేనో?" అంది కృపారాణి.

"గిట్ సర్దనివ్వదు."

గిట్‌కు ఒక వెసులుబాటు ఉంది. మార్పును దాచేముందు మనం రాసిన స్క్రిప్టును పిలిచి అడుగుతుంది. అది వద్దంటే దాచదు. పాత నంబరు ఒక్కటి కదిలినా వద్దనేలా స్టాన్లీ ఆ స్క్రిప్టు రాసి, కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"చెడగొట్టి చూడు."

కృపారాణి ఒక పాటను తీసి వేరేచోట పెట్టి, దాచమంది. తెర మీద జవాబొచ్చింది: 'ఈ నంబరు రాతి మీద ఉంది. కదపకూడదు.'

"మొండిది మావయ్యా. నీలాగే."

ఆమె కదపబోయింది రెండువందల ఆరు. స్టాన్లీ అది చూశాడు. పుస్తకాన్ని ప్రెస్సుకు మెయిల్ చేసి, కళ్ళజోడు తుడుచుకుని, సమాధుల వైపు నడిచాడు.

కృపారాణి లైటు ఆర్పి, గడియ చప్పుడు కాకుండా ఆ రాత్రికి తలుపు మూసింది.