చెక్‌పోస్టు దగ్గర చెప్పిన మాట

శనివారం సాయంత్రం ఆరయిందంటే మా ఇంట్లో నన్నెవరూ కదపకూడదు. ఆ రూలు నేనే పెట్టాను. లాక్‌డౌన్‌లో బాక్సింగ్ క్లబ్బు మూసేసిన దగ్గర్నుంచీ ఆ పిచ్చి ఉన్నవాళ్లం నలుగురం ఆ టైముకి జూమ్‌లో చేరుతున్నాం. నా పేరు జనార్దనరావు. ఐర్లండులో నేస్ అనే ఊళ్లో ఇంట్లోనే కూర్చుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంటాను. నాకు కోపం ఎక్కువ, ముందే చెప్పేస్తున్నాను. డోనల్ మా ఊరి క్లబ్బు కోచ్. మేరీ ముప్ఫయ్యేళ్లుగా అదే క్లబ్బుకి సెక్రటరీ. బాక్సర్ల మెడికల్ పుస్తకాలు రాసేది ఆవిడే. వీళ్లిద్దరికీ నేను జాన్‌ని. నాలుగో మనిషి డాక్టర్ కృష్ణ మూర్తి గారు, ట్రాలీ అనే ఊరి ఆసుపత్రిలో పనిచేసే మన తెలుగాయన. పగలంతా కోవిడ్ వార్డులో నలిగి, మొహం మీద మాస్కు గీతలు పోకముందే వచ్చి కూర్చుంటారు.

మార్చి మొదటి శనివారం మా గొడవంతా కార్క్ ఊరి బాక్సర్ కుర్రాడొకడి గురించి. ఇంగ్లండులో ఏదో హోటల్లో, జనమే లేకుండా, వాడికి ప్రొఫెషనల్ ఫైటు పెట్టారు. మూడో రౌండులో అవతలివాణ్ణి పడుకోబెట్టేస్తాడని డోనల్ బల్ల గుద్దాడు.

"ఏడాదిగా రింగెక్కనివాడికి కాళ్లెక్కడివి?" అంది మేరీ. "ఆరో రౌండు దాకా నిలబడితే గొప్పే."

"మీ నాన్నే రింగెక్కినా ఓడిపోతాడనే అంటావు నువ్వు," అన్నాను. మేరీ పడీపడీ నవ్వింది.

తర్వాత అమెచ్యూర్ల మాటొచ్చింది. అదే నా అసలు పండగ. జాతీయ జట్టు ట్రయల్ ఇంకో రెండు వారాల్లో ఉంది. యాభైయేడు కిలోల విభాగంలో మా అమ్మాయి ఆశ్రిత పోటీ పడుతోంది. ఈత క్లాసులో సీటు దొరక్క తొమ్మిదేళ్లప్పుడు బాక్సింగ్‌లో వేశాం. ఇప్పుడు పందొమ్మిది. ఇరవై బౌట్లలో పదిహేడు గెలిచింది. డోనల్, మేరీ ఇద్దరూ పాయింట్ల మీద ఆశ్రితదే గెలుపన్నారు. నా ఛాతీ ఉప్పొంగిపోయింది. కృష్ణ మూర్తి గారొక్కరే పెదవి విరిచారు.

"ఏడాదిగా ఒక్క స్పారింగ్ లేదు కదండీ. సరాసరి ట్రయల్‌కా?"

నాకు ఒళ్లు మండింది. నా కూతురికి వంక పెడతాడా! ఆ పౌరుషంతోనే మర్నాడు, ఆశ్రితకి స్పారింగ్, అంటే ప్రాక్టీసు ఫైటు, పెట్టమని డోనల్‌కి ఫోన్ చేశాను.

డోనల్‌కి ఊరవతల పొలంలో ఒక షెడ్డుంది. మా ఇంటికి పదకొండు కిలోమీటర్లు. అప్పట్లో లాక్‌డౌన్ రూలు ప్రకారం ఇల్లు వదిలి ఐదు కిలోమీటర్లు దాటకూడదు. మంగళవారం సాయంత్రం ఆశ్రితని కార్లో ఎక్కించుకుని బయల్దేరాను. రౌండెబౌట్ దగ్గర గార్డులు ఆపారు. ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు. మా అమ్మాయి వయసే ఉన్న కుర్రగార్డు వంగి, ఎక్కడికని అడిగాడు.

"మా అమ్మాయికి తలనొప్పిగా ఉందండీ, ఆసుపత్రికి తీసుకెళుతున్నాను," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! పాపం, అతను జాలిపడి జాగ్రత్తగా వెళ్లమన్నాడు. కారు కదలగానే తండ్రీకూతుళ్లం నవ్వుకున్నాం కూడా.

షెడ్డులో ఆశ్రిత కంటే ఐదారు కిలోలు ఎక్కువున్న పిల్లని తెచ్చాడు డోనల్. రెండో రౌండులో ఆ పిల్ల కుడిచెయ్యి మా ఆశ్రిత కణత మీద పడింది. మా అమ్మాయి మోకాళ్ల మీద కూలబడింది. పది లెక్కపెట్టేలోగా లేచి, "ఐయామ్ గ్రాండ్, డాడీ," అని నవ్వింది. బాగానే ఉన్నానని చెప్పడానికి ఇక్కడివాళ్లు అనే మాట అది. డోనల్ అక్కడితో ఆపేశాడు. ఇంటికొస్తుంటే, "షెడ్‌కి లాక్ వేశామా?" అని అడిగింది. డోనల్ వేశాడమ్మా అన్నాను. రౌండెబౌట్ దాటాక మళ్లీ అదే అడిగింది. నేను విన్నాను. వినీ ఊరుకున్నాను.

బుధవారం పొద్దున్నే వాంతి, తలనొప్పి. నా భార్య సత్యవాణి హడలిపోయింది. ఆ రోజుల్లో తలనొప్పంటే ఇంకేం తోస్తుంది? జీపీ, అంటే మా ఫ్యామిలీ డాక్టరు, ఫోన్లోనే జ్వరముందా, దగ్గుందా అని అడిగి టెస్టుకి రాశాడు. దెబ్బ గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చెబితే మేరీ పుస్తకంలోకి ఎక్కుతుంది. నెల రోజులు రింగు ఎక్కనివ్వరు, ట్రయల్ పోతుంది. దెబ్బ ఎలా తగిలిందని ఆరా తీస్తే క్లబ్బు పరువూ పోతుంది. రాత్రికి రాత్రే తగ్గిపోతుందిలే అనుకున్నాను.

కానీ మనసు పీకుతోంది. సత్యవాణికి సగం చెప్పాను. ట్రైనింగ్‌కని తీసుకెళుతూ గార్డుతో అబద్ధమాడానన్నాను. దెబ్బ మాట మింగేశాను.

"ఏవండీ, మీకు బుద్ధుందా? పిల్లకి బాలేదని నోటితో అంటారా? పైన తథాస్తు దేవతలుంటారు!" అని నెత్తి కొట్టుకుంది.

"నీ దేవతలకి లాక్‌డౌన్ లేదేంటి, నేస్ దాకా వచ్చారా?" అని వెటకారం చేశాను. సిగ్గులేనితనం కాకపోతే ఏమిటది!

శుక్రవారం రిపోర్టొచ్చింది. కోవిడ్ లేదు. సత్యవాణి సంబరం ఇంతా అంతా కాదు. జూమ్‌లో వాళ్లందరి పొగడ్తలకీ తగిలిన దిష్టేనని తేల్చి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి తీసేసింది. ఆశ్రిత కళ్లు మూసుకుని కూర్చుంది. తగ్గిందా అంటే "గ్రాండ్" అంది. ఆ ఒక్క ముక్కా పట్టుకుని నేను వేలాడాను.

శనివారం ఆరింటికి మళ్లీ చేరాం. కార్క్ కుర్రాడి ఫైటు ఆ రాత్రే. డోనల్ మాత్రం ఎప్పట్లా అరవడం లేదు. బరువెంతుందో కనుక్కుందామని మేరీ ఆశ్రితని పిలవమంది. వచ్చి నా పక్కన కూర్చుంది. స్క్రీను వెలుగు పడక కళ్లు చికిలించుకుంటోంది.

"హోటల్ ఫైట్ ఎప్పుడు?" అని అడిగింది. ఇవాళేనని మేరీ చెప్పింది. కాసేపు కాళ్లు, డిఫెన్సు, ఎడమచెయ్యి అంటూ ఏవో మాట్లాడుకున్నాం.

"హోటల్ ఫైట్ ఎప్పుడు?" అంది ఆశ్రిత మళ్లీ, అదే గొంతుతో.

మేరీ కళ్లద్దాలు తీసేసింది.

"జాన్, పిల్ల తలకి దెబ్బేమైనా తగిలిందా?"

"ఏం మాటలవి మేరీ! కోవిడ్ లేదని రిపోర్టే వచ్చింది. నీ పుస్తకంలో రాసుకోవడానికి ఇంకెవరూ దొరకలేదా?" అని నోరు పారేసుకున్నాను. డోనల్ తల దించుకున్నాడు.

అప్పుడు కృష్ణ మూర్తి గారు తెలుగులో అడిగారు. ఎప్పుడూ అందరి ముందూ ఆయన తెలుగు మాట్లాడరు.

"జనార్దనరావు గారూ, నన్ను చూసి చెప్పండి. పిల్లకి దెబ్బ తగిలిందా?"

మా ఇంగ్లీషు గోల ఎప్పుడూ సత్యవాణి చెవికెక్కదు. ఈ మాట వంటింట్లోకి తిన్నగా వెళ్లింది. గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"దెబ్బేవిటి?"

బల్ల కింద ఆశ్రిత నా మోకాలు నొక్కింది. "డాడీ, డోంట్. ప్లీజ్." పదేళ్లుగా గ్లవ్స్ తొడిగే ముందు ఆ చేతికి గుడ్డ చుట్టింది నేనే. ఎంత బలముండేదో నాకు తెలుసు. ఇప్పుడు పట్టు లేదు.

"తగిలింది," అన్నాను. "మంగళవారం. నేనే తీసుకెళ్లాను."

సత్యవాణి నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"దిష్టి తీశానండీ నేను," అంది. "దెబ్బ తగిలిన పిల్లకి దిష్టి తీశాను."

"మాటలు తర్వాత," అన్నారు కృష్ణ మూర్తి గారు. "తల లోపల రక్తం చేరుతూ ఉండొచ్చు. మీ ఊరి ఆసుపత్రి దగ్గరే కదా, ఈ క్షణమే బయల్దేరండి. నేను వాళ్లకి ఫోన్ చేస్తాను. దారిలో పిల్లతో మాట్లాడుతూ ఉండండి, నిద్రపోనివ్వకండి."

తల్లీకూతుళ్లు వెనక సీట్లో కూర్చున్నారు. సత్యవాణి గరిటె ఇంకా వదల్లేదు. రౌండెబౌట్ దగ్గర కార్ల వరస. అదే చెక్‌పోస్టు, అదే కుర్రగార్డు. అద్దం దించాను.

"మా అమ్మాయికి తలనొప్పిగా ఉందండీ, ఆసుపత్రికి తీసుకెళుతున్నాను."

అక్షరం పొల్లుపోకుండా అదే మాట. అతను నా మొహంలోకి చూశాడు.

"మంగళవారం కూడా ఇదే చెప్పారు కదా సర్. కారు పక్కకి తీయండి."

"అప్పుడు అబద్ధం చెప్పాను!" అని అరిచాను. అరుపు కాదది, ఏడుపు. "బాక్సింగ్‌కి తీసుకెళ్లాను. తలకి దెబ్బ తగిలింది. నాలుగు రోజులు దాచాను. నామీద కేసు పెట్టుకోండి, నన్ను జైల్లో వెయ్యండి, ముందు దారివ్వండి!"

అతను వెనక కిటికీలోంచి టార్చి వేశాడు. ఆశ్రిత కళ్లు గట్టిగా మూసుకుంది. మంగళవారం ఇదే చోట పకపకా నవ్విన పిల్ల.

"హూ వన్, డాడీ?" అంది.

కుర్రగార్డు పరుగెత్తి వెళ్లి తన బండి తీశాడు. నీలం లైట్లు వేసుకుని ముందు వెళుతుంటే కార్లన్నీ పక్కకి తప్పుకున్నాయి. నేను వెనకాలే పోనిచ్చాను.

"డాడీ, హూ వన్?"

నువ్వేనమ్మా అనబోయాను. ఆ రోడ్డు మీద ఇంకో అబద్ధమాడే ధైర్యం నాకు లేదు.

"నువ్వే గెలిచావు తల్లీ," అంది సత్యవాణి. పిల్ల తల ఒళ్లో పెట్టుకుని, మొహం పైకెత్తి, కారు టాపు దాటి వినపడేంత గట్టిగా చెబుతోంది. "నువ్వే గెలిచావు. నీకేం కాలేదు. ఇంటికొచ్చేశావు, పెరుగన్నం తిన్నావు, మీ నాన్నతో పోట్లాడుతున్నావు."

"తథాస్తు," అన్నాను నేను.