పది పెట్టెలు, రెండు కడ్డీలు

పక్కింటివాళ్ల మేపుల్ చెట్టు నీడ పదకొండింటిదాకా ఫణి డ్రైవ్‌వే మీదే ఉంటుంది. చెట్టు వాళ్లది, నీడ ఇతనిది. ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చిన ఇరవై ఆరేళ్లలో ఆ ఏర్పాటుకి ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆ మంగళవారం పొద్దున్న ఆ నీడలోనే, డాక్టర్ గోపీనాథ్ ఎస్‌యూవీని స్టాండ్ల మీదికి ఎత్తి, దాని వెనక చక్రాల మధ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు ఫణి. అరవై తొమ్మిదేళ్ల నడుం సిమెంటు మీద ఏమీ సణగకుండా ఉన్నందుకు అతనికి సంతోషంగా ఉంది.

పక్కన రెండు రబ్బరు తిత్తులున్నాయి. వెనక కాయిల్ స్ప్రింగుల మధ్యలో ఒక్కోటి దూర్చి గాలి కొడితే, బరువుకి కుంగే స్ప్రింగుకి లోపలినుంచి ఆసరా ఇస్తాయి. ముప్పై ఒక్కేళ్లు కార్ల కంపెనీలో సస్పెన్షన్ ఇంజనీరుగా చేసినవాడికి ఇది పెద్ద పనేం కాదు. మొదటిదాన్ని నలిపి స్ప్రింగు సందులోంచి తోస్తే, ఒక్క తోపుకే లోపలికి జారి సరిగ్గా కూర్చుంది. ఇలాంటి చిన్న చిన్న దయలకి ఈమధ్య అతను మనసులోనే దండం పెట్టుకుంటున్నాడు.

బండి డాక్టరుగారిదే అయినా, పని మాత్రం ఆయన భార్య శారద కోసం. రెండేళ్ల కిందట ఆమె కిడ్నీలు పనిచేయడం మానేశాయి. అప్పట్నుంచీ రోజూ నిద్రలో ఉండగా మంచం పక్కనున్న చిన్న యంత్రం పొట్టలోకి ద్రవం ఎక్కించి దించుతుంది. దానికి శుభ్రమైన గది కావాలి, రోజుకో పెట్టెడు ద్రవం కావాలి. అందుకే డాక్టరుగారు బండి వెనక తగిలించి లాక్కెళ్లే ట్రావెల్ ట్రెయిలర్ కొన్నారు. ఎక్కడికెళ్లినా ఆవిడ గది ఆవిడ వెనకే వస్తుంది. డులూత్‌లో అనూరాధ ఉంది. గుంటూరులో కాలేజీ రోజులనుంచీ శారదకి ప్రాణస్నేహితురాలు. మోకాళ్ల నొప్పులతో తను కదల్లేదు కాబట్టి శారదే వెళ్లాలి. ప్రయాణం శుక్రవారం.

కానీ రెండు వారాల కిందట, మొట్టమొదటిసారి బయటికి తీసినప్పుడే, ఫ్రీవే మీద పెద్ద ట్రక్కొకటి పక్కనుంచి దూసుకుపోయింది. ట్రెయిలర్ తోక ఊపింది. దాంతోపాటు ముందున్న బండీ ఊగింది. తలుపు పైనుండే పిడిని రెండు చేతులా పట్టుకున్న శారద, తర్వాతి ఎగ్జిట్‌లో దిగిపోయి, ఊళ్లో తెలిసినావిడని పిలిపించుకుని వేరే కార్లో ఇంటికెళ్లింది. మళ్లీ ఆ బండి ఎక్కనంది. చాలా బతిమాలాక, ఫణి బాగుచేసి తనే నడిపితే ఒక్కసారి కూర్చుంటానంది. అప్పుడూ భయమేస్తే ట్రెయిలర్ అమ్మేయాలి, ఇక డులూత్ మాటెత్తకూడదు.

మధ్యాహ్నానికల్లా తిత్తుల్లో గాలి నిండింది. ట్రెయిలర్ తగిలించినా వెనకభాగం కుంగలేదు. గోపీనాథ్ దూరంగా నిలబడి చూసి, ఆపరేషన్ సక్సెస్ అన్నారు. ఫణికీ ఆ మాట బాగానే ఉంది.

ఫణి స్టీరింగు పట్టుకున్నాడు, ముగ్గురూ బయల్దేరారు. వెనక సీట్లో శారద, అనూరాధ కోసం పెట్టిన గోంగూర పచ్చడి గురించి చెబుతోంది. ఫణి ఆ మాటలే వింటున్నాడు. అది అతని పాత అలవాటు. ఉద్యోగం రోజుల్లో, ఇంకా అమ్మకానికి రాని కార్లని పరీక్షించడానికి వారాంతాల్లో ఇంటికి తెచ్చేవాడు. భార్య లక్ష్మీప్రియ పక్కన కూర్చుని ఆపకుండా కబుర్లు చెప్పేది. ఎక్కడైనా ఆమె మాట మధ్యలో తెగిందంటే, బండిలో అక్కడేదో తేడా ఉన్నట్టే. సోమవారం ల్యాబులో పరికరాలు అదే చెప్పేవి. ఆ సంగతి ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే జాగ్రత్తగా మాట్లాడుతుందని భయం. ఆమె పోయి ఐదేళ్లు.

"ఉప్పు మాత్రం ఈసారి నేను కొంచెం..." అంటోంది శారద. పక్కనుంచి ట్రక్కొకటి దాటింది. స్టీరింగు ఒక్క క్షణం చేతిలో తేలిపోయింది. వెనక మాట ఆగిపోయింది.

ఇంటికొచ్చేదాకా ఆమె మళ్లీ మాట్లాడలేదు. గోపీనాథ్ ఏదో సర్దిచెప్పబోతుంటే ఫణి ఆపాడు.

"తప్పు నాదమ్మా. వెనక ఎత్తాను గానీ, ముందు చక్రాల మీంచి పోయిన బరువు వెనక్కి తేలేదు. బండి చూడ్డానికి తిన్నగా ఉంది, అంతే. తెలిసి తెలిసి తొందరపడ్డాను."

శారద అతనివైపు తిరిగింది. "నలభై రెండేళ్లుగా ఓ డాక్టరుతో కాపురం చేస్తున్నాను అన్నయ్యగారూ. ఈ ఇంట్లో 'తప్పు నాది' అన్న మాట ఇదే మొదటిసారి వినడం. దానికోసం ఇంకొక్కసారి కూర్చుంటాను. రేపు."

"ఆవిడ అన్నది నన్నే, నిన్ను కాదు" అన్నారు గోపీనాథ్.

బుధవారం తెల్లవారగానే ఇద్దరూ బండిని ట్రక్‌స్టాప్‌లోని కాటా మీదికి తీసుకెళ్లారు. ట్రెయిలర్‌తో ఒకసారి, విప్పేసి ఒకసారి తూచారు. వెనకాల నిలబడ్డ ట్రక్కు డ్రైవరు, తీరిగ్గా కానివ్వమన్నట్టు చెయ్యి ఊపి కాఫీ తాగుతూ కూర్చున్నాడు. అనుకున్నట్టే అయింది. ట్రెయిలర్ తగిలించగానే ముందు చక్రాల మీంచి మూడు వందల యాభై పౌండ్లు లేచిపోతున్నాయి.

ఫణి బండి వెనక డోరు తెరిచాడు. ద్రవం పెట్టెలు పది, ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. పెట్టె దాదాపు పదమూడు కిలోలు. ట్రెయిలర్లో ఎండకో చలికో పాడవుతాయని, కళ్లముందే ఉండాలని, గోపీనాథ్ అన్నీ ఇక్కడే పెట్టారట. పెళ్లాం ప్రాణం ఆ పెట్టెల్లో ఉందనుకున్న మనిషిని ఏమనగలడు.

"డాక్టరుగారూ, ట్రెయిలర్‌తో రెండు స్ప్రింగు కడ్డీలు ఇచ్చి ఉండాలి. ముక్కుకి అటొకటి ఇటొకటి తగిలిస్తే బరువుని ముందు చక్రాల మీదికి తోసేవి. ఏవీ?"

అవి గరాజ్‌లో ఉన్నాయట. మలుపుల్లో కిర్రుమంటుంటే శారదకి చిరాకని తీసేశారట. చప్పుడు చేస్తోంది కాబట్టి అనవసరమైనదనుకున్నారు.

"గుండె కూడా చప్పుడు చేస్తుంది సార్" అన్నాడు ఫణి.

గోపీనాథ్ జేబులోంచి గరాజ్ తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టారు.

మిగిలిన పని రెండు గంటలు. ఎనిమిది పెట్టెలు ట్రెయిలర్‌లోకి, సరిగ్గా ఇరుసు పైనుండే నేల మీదికి చేరాయి. పక్కన చిన్న థర్మామీటరు పెట్టి, దాని అంకెలు ఆయన ఫోన్‌లోనే కనిపిస్తాయని ఫణి చూపించాకే గోపీనాథ్ ఒప్పుకున్నారు. రెండు పెట్టెలు మధ్య సీటు ముందు, కాళ్ల దగ్గర సర్దారు. తిత్తుల్లో గాలి సగానికి తగ్గించారు. కడ్డీలు రాసుకునే చోట గ్రీజు పూసి, వాటిని పైకి లాగి పట్టే గొలుసు బిగించి, ముందు చక్రం పైనున్న అంచు ఎత్తు టేపుతో కొలిచాడు ఫణి. ట్రెయిలర్ తగిలించక ముందుకన్నా పావంగుళం ఎక్కువుంది. గొలుసు ఇంకో లంకె పైకెత్తి మళ్లీ కొలిచాడు. సరిపోయింది. మళ్లీ కాటాకి వెళ్తే, పోయిన బరువులో చాలావరకు ముందు చక్రాల మీదికి తిరిగొచ్చింది. ఈసారి తొందరపడలేదు. ఇక చూడాల్సిందేమీ మిగల్లేదని అతనికి తెలుసు. ఆ తెలియడం ఎంత హాయిగా ఉంటుందో మర్చిపోయాడు ఇన్నాళ్లూ.

సాయంత్రం స్టీరింగు దగ్గర గోపీనాథ్‌ని కూర్చోమన్నాడు. శుక్రవారం నడపాల్సింది ఆయనే. శారద వెనక ఎక్కి, పిడి పట్టుకుని, రెండు మైళ్లు మాట్లాడకుండా కూర్చుంది. తర్వాత సంచిలోంచి నారింజపండు తీసింది. వలవడానికి రెండు చేతులూ కావాలి.

"హాస్టల్లో అనూరాధ పరీక్షకి ముందురోజు ఏం చేసిందో చెప్పానా అన్నయ్యగారూ?" అని మొదలుపెట్టింది. వార్డెన్ చెప్పుల జత, మేడమీది నీళ్ల ట్యాంకు, ఎవరు ఎవరిమీద చాడీ చెప్పారన్నది. పక్క అద్దంలో ఎర్రటి ట్రక్కు పెరుగుతూ వచ్చింది. గోపీనాథ్ వేళ్లు బిగుసుకున్నాయి. ఫణి రోడ్డువైపు చూడటం మానేసి వినడం మొదలుపెట్టాడు.

ట్రక్కు గాలి బండిని తాకింది. బండి భుజం ఒక్కసారి కదిలించి, ఊరుకుంది.

"...అప్పుడు వార్డెన్ నావైపు తిరిగి, నువ్వూ ఉన్నావా ఇందులో అంది. నేనా, పుస్తకం తలకిందులుగా పట్టుకుని చదువుతున్నానట" అని శారద నవ్వి, రెండు తొనలు ముందుకి అందించింది. తర్వాత ముందు సీట్లవైపు అనుమానంగా చూసింది. "ఏమిటిద్దరూ పలకరు? వింటున్నారా అసలు?"

"వింటున్నానమ్మా" అన్నాడు ఫణి. తొన పుల్లగా, చల్లగా ఉంది. "ఆపకండి."

ఆమె ఆపలేదు. శుక్రవారం ఏడింటికి కాదు, ఐదింటికే బయల్దేరాలని, మధ్యాహ్నం గాలి లేచేలోపు దారిలోని పెద్ద వంతెన దాటేయాలని, పచ్చడి జాడీ మాత్రం తన కాళ్ల దగ్గరే ఉండాలని, దాని బరువు ఫణిగారు ముందే లెక్కలో వేసుకోవాలని చెబుతూనే ఉంది.